ఎవరెస్ట్ బేస్‌క్యాంప్ నడకకి చొక్కాలు, పొరలు: ఏం తీసుకోవాలి, ఎప్పుడు వేసుకోవాలి, ఎప్పుడు విప్పాలి

నేపాల్ వెళ్ళాలనుకునే మనవాళ్ళు నన్ను మొదట అడిగేది ఎప్పుడూ ఒకటే: "ఏ జాకెట్ కొనమంటారు?" చొక్కా గురించి ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. బేస్‌క్యాంప్‌కి పోయి రావడానికి దాదాపు పన్నెండు రోజులు పడుతుంది. అన్ని రోజుల్లోనూ జాకెట్ ఒంటి మీద ఉండేది తెల్లవారుజామున కాసేపు, సాయంత్రం కాసేపు. మిగతా ఐదారు గంటలు సంచి మోస్తూ, రొప్పుతూ ఎక్కేటప్పుడు ఉండేది చొక్కా ఒక్కటే. అందుకని చొక్కా నుంచే మొదలుపెడుతున్నాను.

నేను మొదటిసారి వెళ్ళినప్పుడు పైన మంచి డ్రై ఫిట్ టీషర్ట్, లోపల రోజూ వేసుకునే కాటన్ బనియన్ వేసుకున్నాను. నామ్చే బజార్‌కి ముందు వేలాడే వంతెన దాటాక ఇంచుమించు 600 మీటర్ల ఎత్తు ఏకబిగిన ఎక్కాలి. ఎండ కాస్తోంది, హాయిగా ఎక్కాను. ఊళ్ళోకి చేరేసరికి మబ్బు కమ్మి గాలి మొదలైంది. టీషర్ట్ అప్పటికే ఆరిపోయింది. బనియన్ మాత్రం తడిగుడ్డలా వీపుకి అంటుకుని ఉంది. దాని మీదే జాకెట్ వేసుకుని గంటసేపు వణికాను. అంత ఖరీదు పెట్టి కొన్న జాకెట్ ఏం చేస్తుంది పాపం, లోపల తడి ఉంటే! ఆ దారిలో మనల్ని చాలాసార్లు వణికించేది మన చెమటే. కింద చెప్పేదంతా ఒంటిని పొడిగా ఉంచుకోవడం గురించే.

చలి లెక్క కాస్త తెలిస్తే చాలు. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు ఆరు, ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. విమానం దిగి నడక మొదలుపెట్టే లుక్లా 2,860 మీటర్ల ఎత్తున ఉంది, బేస్‌క్యాంప్‌కి ముందు ఆఖరి మజిలీ గోరక్‌షెప్ 5,164. అంటే లుక్లాలో మధ్యాహ్నం 15 డిగ్రీలుంటే అదే వేళకి గోరక్‌షెప్‌లో సున్నా దగ్గర ఉంటుందన్నమాట. రాత్రి అక్కడ సున్నాకి పది డిగ్రీలు కిందికి పోవడం మామూలే. అక్కడ ఎండలో చొక్కాతో నడుస్తాం, మబ్బు అడ్డం రాగానే ఫ్లీస్ (స్వెటర్ లాంటి మెత్తటి నూగు పాలిస్టర్ పొర) వెతుక్కుంటాం. ఒకే లావుపాటి కోటు ఈ రెంటికీ పనికిరాదు.

కావలసినవి
(అక్టోబరు, నవంబరు, లేదా మార్చి చివరి నుంచి మే వరకు వెళ్ళేవాళ్ళకి)

- నడవడానికి పొడుగు చేతుల చొక్కాలు 2
- పడుకోవడానికి మాత్రమే థర్మల్ జత 1
- పల్చటి ఫ్లీస్ 1
- తలకి టోపీ ఉన్న డౌన్ జాకెట్, అంటే ఈకనూగు నింపినది 1 (కొనండి, లేదా అద్దెకి తీసుకోండి)
- వాన జాకెట్ 1
- త్వరగా ఆరే ప్యాంట్లు 2. జీన్స్ వద్దు.
- కాటన్ లేని లోదుస్తులు 4 జతలు
- ఉన్ని టోపీ, ఎండ టోపీ, మెడకి చుట్టుకునే బఫ్‌లు 2
- పల్చటి గ్లవ్స్ ఒక జత, లావువి ఒక జత
- పెద్ద పాలిథిన్ సంచులు 2, పిన్నీసులు అరడజను

లుక్లా విమానంలో చేతిసంచితో కలిపి 15 కిలోల దగ్గరే ఆపేస్తారు. అందుకని కొన్న ప్రతిదాన్నీ వంటింటి త్రాసు మీద పెట్టి కాగితం మీద రాసుకోండి. పైన చెప్పిన చొక్కాలు, ఫ్లీస్, రెండు జాకెట్లు కలిపి రెండు కిలోలు దాటితే ఏదో ఒకటి మరీ లావుది కొన్నారని అర్థం.

1. ముందు చొక్కా ఎంచుకోండి

బట్ట రెండు రకాలు. పాలిస్టర్ చవక, తొందరగా ఆరుతుంది, సంచి పట్టీల రాపిడికి తట్టుకుంటుంది. రెండో రోజుకే కంపు కొడుతుంది. మెరీనో ఉన్ని నాలుగైదు రోజులు వేసుకున్నా వాసన రాదు, కాస్త తడిసినా వెచ్చగానే ఉంటుంది. కానీ ఆరడానికి ఎక్కువసేపు పడుతుంది, ఖరీదెక్కువ, మరీ పల్చటిదైతే భుజాల దగ్గర చిరుగులు పడతాయి. ఉన్ని తడిసినా వెచ్చగా ఉంటుందన్న సంగతి మన గొర్రెల కాపరులకి ఎవరూ నేర్పక్కర్లేదు. గొంగడి తల మీద కప్పుకుని వానలో మంద వెంట తిరిగేది అందుకే.

నా మాట వింటే పాలిస్టర్ ఒకటి, మెరీనో ఒకటి తీసుకోండి. చెమట బాగా పట్టే కింది రోజుల్లో పాలిస్టర్ వేసుకోండి. డింగ్‌బోచే (4,410 మీటర్లు) దాటాక మెరీనో వేసుకోండి, ఆ పైన ఉతకడం కుదరదు. డబ్బు సరిపోకపోతే రెండూ పాలిస్టర్‌వే తీసుకోండి. వాసన వస్తుంది, రానివ్వండి. పది రోజులు స్నానం లేనివాళ్ళ మధ్య కూర్చుని చొక్కా వాసన గురించి బాధపడటం గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరుకున్నట్టే.

కొనేటప్పుడు చూడాల్సినవి:

చేతులు పొడుగ్గా ఉండాలి. ఎత్తుకి పోయేకొద్దీ ఎండ చురుకు పెరుగుతుంది. చలిగా ఉంది కదా అని పొట్టి చేతులతో నడిచినవాళ్ళ మోచేతులు మూడో రోజుకి పొక్కుతాయి. మెడ దగ్గర జిప్పు గానీ, బొత్తాలు గానీ, కాలర్ గానీ ఉంటే మరీ మంచిది. ఎక్కేటప్పుడు జిప్పు దించితే చాలు, ఒక పొర విప్పినంత పని చేస్తుంది. లేబుల్ మీద జీఎస్ఎం (చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములో) అని అంకె ఉంటుంది. 120 నుంచి 160 మధ్య ఉన్నది చాలు.

కుట్లు వేలితో తడిమి చూడండి. భుజం మీద సరిగ్గా సంచి పట్టీ పడేచోట లావుపాటి కుట్టు ఉంటే ఆ చొక్కా వదిలేయండి. దుకాణంలో ఐదు నిమిషాలు తొడుక్కుంటే తేడా తెలియదు. ఐదారు గంటలు మోస్తే తోలు లేస్తుంది.

లేబుల్‌లో కాటన్ ఎంత శాతం ఉందో చదవండి. "స్పోర్ట్స్" అని ముందు పెద్దక్షరాలతో రాసి, లోపల 60 శాతం కాటన్ ఉన్నవి చాలా చూశాను.

2. బనియన్ మానేయండి

దీనికి విడిగా ఒక అంకె ఇవ్వడానికి కారణం ఉంది. మనకి బనియన్ లేకుండా చొక్కా వేసుకుంటే ఏదో వెలితి. కాటన్ బనియన్ చెమటంతా పీల్చుకుని వదలదు. పైన మీరు ఎంత మంచి చొక్కా వేసినా దాని దాకా చెమట రానే రాదు. ఆడవాళ్ళకీ ఇదే మాట. కాటన్ లైనింగ్ ఉన్న బ్రా వీపు మీద, కప్పుల కింద గంటలకొద్దీ తడిగా ఉండిపోతుంది. త్వరగా ఆరే స్పోర్ట్స్ బ్రాలు రెండు మూడు తీసుకోండి, వీపు వైపు హుక్కులు లేనివి. హుక్కు మీద సంచి ఆనితే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

3. ఫ్లీస్ పల్చగా ఉండాలి

లావుపాటి ఫ్లీస్ ఒకటి కొనేకన్నా పల్చటిది నయం. ఒక చిన్న పరీక్ష చేయండి. ఫ్లీస్‌ని నోటికి ఆనించి గట్టిగా ఊదండి. గాలి సులువుగా అవతలికి పోవాలి. అలాంటిదైతే చెమట ఆవిరి కూడా పోతుంది, నడుస్తున్నా వేసుకోవచ్చు. గాలి కొడితే పైన వాన జాకెట్ వేసుకుంటే సరి.

ఇంట్లో పాత స్వెటర్ ఉంటే కొత్తది కొనక్కర్లేదు, అది నిజం ఉన్నిదైతే. చలికాలంలో మన ఊళ్ళలో రోడ్డు పక్కన గుట్టలు పోసి అమ్మే స్వెటర్లలో చాలావరకు అక్రిలిక్. లోపలి అంచు నుంచి ఒక పోగు లాగి, సింక్ దగ్గర పట్టుకుని అగ్గిపుల్ల చూపించండి. వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, చిదిమితే పొడి అయితే ఉన్ని. కరిగి నల్లటి గట్టి పూసలా అయితే అక్రిలిక్. అక్రిలిక్ పనికిరాదని కాదు, వెచ్చదనం తక్కువ.

4. డౌన్ జాకెట్ ఆగినప్పుడు వేసుకునేది

డౌన్ అంటే బాతుల, పెద్దబాతుల (గూస్) మెత్తటి ఈకనూగు. అది ఉబ్బి గాలిని పట్టుకుంటేనే వెచ్చదనం. తడిస్తే ముద్దయిపోతుంది, ఇక చలి ఆపదు. అందుకని దీన్ని వేసుకుని ఎక్కకండి. ఆగినప్పుడు, తినేటప్పుడు, గోరక్‌షెప్ పక్కనున్న కాలాపత్థర్ కొండకి చీకట్లో బయల్దేరేటప్పుడు మాత్రమే వేసుకోండి. సంచిలో ఎప్పుడూ పాలిథిన్ కవర్ లోపలే ఉండాలి.

జీవితంలో ఒక్కసారి వెళ్ళేవాళ్ళు కొనొద్దు. కాఠ్మాండూలో థమేల్ వీధుల్లో అద్దెకి ఇస్తారు. అక్కడ పేరున్న కంపెనీల ముద్రలతో నకిలీలు కూడా వేలాడుతుంటాయి, కాబట్టి ముద్ర చూడకుండా జాకెట్‌ని చూడండి:

- గుప్పిట్లో గట్టిగా నొక్కి వదలండి. రెండు మూడు క్షణాల్లో మళ్ళీ ఉబ్బాలి.
- వేళ్ళతో నలపండి. గట్టి పుల్లలు ఎక్కువగా తగిలితే లోపల ఉన్నది నూగు కాదు, ఈకలు.
- వెలుతురుకి ఎదురుగా పట్టుకోండి. గళ్ళలో ఖాళీలు కనిపిస్తే ఆ చోట చలి కొడుతుంది.
- జిప్పు పైకీ కిందికీ పదిసార్లు లాగండి. గ్లవ్స్ వేసుకుని కూడా ఒకసారి లాగండి.
- వాసన చూడండి. ముక్కిన వాసన వస్తే ఎప్పుడో తడిసి సరిగ్గా ఆరలేదు.

ఈకలు వద్దనుకునేవాళ్ళు సింథటిక్ నింపినది తీసుకోవచ్చు. అంతే వెచ్చదనానికి బరువు, చోటు ఎక్కువ పడుతుంది గానీ తడిసినా కొంత పని చేస్తుంది. వానలు, మంచు బాగా పడే నెలల్లో వెళ్ళేవాళ్ళకి నేను ఇదే చెబుతాను.

5. వాన జాకెట్

చంకల కింద జిప్పులున్నది దొరికితే అదే తీసుకోండి. లోపల కుట్ల మీద టేపు అంటించి ఉందా చూడండి. టేపు లేకపోతే ఆ కుట్ల నుంచే నీళ్ళు దిగుతాయి. ఇంటికి తెచ్చాక తొడుక్కుని బాత్రూంలో షవర్ కింద పది నిమిషాలు నిలబడండి. ఇంట్లోవాళ్ళు నవ్వుతారు, నవ్వనివ్వండి. నీళ్ళు ముత్యాల్లా జారిపోవాలి. బట్ట నల్లబడి నీళ్ళు పీలిస్తే పైపూత పోయిందని అర్థం. పాత జాకెట్లలో ఇలా జరుగుతుంది. మళ్ళీ పూత వేసుకునే స్ప్రేలు దొరుకుతాయి.

పొంచో కూడా పనికొస్తుంది, సంచితో సహా కప్పుతుంది, చవక. గాలి కొడితే మాత్రం గాలిపటం అయిపోతుంది.

6. అన్నీ ఒకదాని మీద ఒకటి వేసుకుని చూడండి

మనం మే నెలలో హైదరాబాద్‌లోనో విజయవాడలోనో, పల్చటి టీషర్ట్ మీద జాకెట్ తొడుక్కుని "సరిగ్గా సరిపోయింది" అనుకుంటాం. అక్కడ దాని కింద చొక్కా, ఫ్లీస్ ఉంటాయి. పట్టదు, పట్టినా డౌన్ నలిగిపోయి వెచ్చదనం ఉండదు. కొనడానికి వెళ్ళేటప్పుడు చొక్కా, ఫ్లీస్ సంచిలో పెట్టుకెళ్ళండి. అన్నీ వేసుకుని రెండు చేతులూ పైకెత్తండి: నడుం బయటపడకూడదు. చేతులు ముందుకు చాచి కౌగిలించుకున్నట్టు పెట్టండి: వీపు పట్టేయకూడదు. వంగి బూటు లేసు కట్టండి. వాన జాకెట్ డౌన్ జాకెట్ మీద కూడా పట్టేంత వదులుగా ఉంటే పైన మంచు పడే రోజు మీకు తెలుస్తుంది దాని విలువ.

7. బయల్దేరే ముందు పరీక్షించండి

ఆరే పరీక్ష: చొక్కాని నీళ్ళలో ముంచి, గట్టిగా పిండి, ఫ్యాన్ కింద వేసి టైం చూసుకోండి. పక్కనే ఒక కాటన్ చొక్కా కూడా వేయండి. పల్చటి పాలిస్టర్ ఆరిపోయేసరికి కాటన్ ఇంకా చెమ్మగానే ఉంటుంది. ఒకసారి ఇది కళ్ళతో చూస్తే బనియన్ గురించి నేను మళ్ళీ చెప్పక్కర్లేదు.

మోసే పరీక్ష: అదే చొక్కా, అదే సంచి, ఏడెనిమిది కిలోల బరువు. తిరుపతి దగ్గర్లో ఉన్నవాళ్ళకి అలిపిరి మెట్లు 3,550 ఉండనే ఉన్నాయి (దర్శనానికి వేసుకునే బట్టలు సంచిలో పెట్టుకుంటే బరువూ కలిసొస్తుంది). హైదరాబాద్ వాళ్ళు అనంతగిరి కొండలకి పోండి. ఏదీ కుదరకపోతే అపార్ట్‌మెంట్ మెట్లు గంటసేపు ఎక్కి దిగండి. తర్వాత అద్దం ముందు నిలబడి భుజాలు, చంకలు, నడుం చూసుకోండి. ఎర్రటి చారలు ఎక్కడుంటే అక్కడ కుట్టు తప్పు.

చలి పరీక్ష: డిసెంబరులో లంబసింగి వైపు వెళ్ళే పని ఉంటే తెల్లవారుజామున అన్ని పొరలూ వేసుకుని ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చోండి. నడిచేటప్పుడు అందరికీ వెచ్చగానే ఉంటుంది, కూర్చున్నప్పుడే జాకెట్ సంగతి బయటపడుతుంది.

8. దారిలో వేసుకోవడం, విప్పడం

అసలు పని ఇక్కడే. అన్నీ మంచివి కొని, సరిగ్గా వాడక వణికినవాళ్ళే ఎక్కువ.

పొద్దున కొంచెం చలి వేస్తుండగానే బయల్దేరండి. చొక్కా, పైన ఫ్లీస్, అంతే. మనవాళ్ళు గదిలోంచే డౌన్ జాకెట్ బిగించి బయల్దేరతారు. పావుగంటకల్లా లోపల చెమట, తర్వాత అందరూ ముందుకుపోతుంటే ఆగి విప్పడానికి మొహమాటం. మొహమాటపడకండి. పది నిమిషాలు నడిచాక అందరూ ఆగి ఒక పొర విప్పాలని ముందే గైడ్‌తో అనుకోండి.

నుదుట చెమట పట్టక ముందే విప్పండి. విప్పే వరస: ముందు తల టోపీ, తర్వాత మెడ జిప్పు, తర్వాత ఫ్లీస్. చాలాసార్లు టోపీ తీస్తేనే సరిపోతుంది. విప్పడం ఇష్టం లేకపోతే నడక నెమ్మది చేయండి, ఆ ఎత్తులో నెమ్మదే మంచిది కూడా.

ఆగిన మరుక్షణం వేసుకోండి. సంచి దింపడం, డౌన్ తొడుక్కోవడం, తర్వాతే టీ చెప్పడం. "ఇంకా చలి వేయట్లేదుగా" అని కూర్చుంటే ఐదు నిమిషాల్లో వీపు మీది చెమట చల్లబడుతుంది. అందుకే డౌన్ జాకెట్ సంచిలో అన్నిటికన్నా పైన ఉండాలి.

లాడ్జికి చేరగానే తడి చొక్కా మార్చండి. మంచం మీద ఒరిగారంటే లేవరు, కాబట్టి ముందు చొక్కా.

థర్మల్స్ గురించి గట్టిగా చెప్పాలి. వాటిని వేసుకుని నడవకండి. లుక్లాలో దిగిన మొదటి రోజే ప్యాంటు కింద థర్మల్ వేసుకుని, మధ్యాహ్నానికి ఉడికిపోతూ, నడిదారిలో బూట్లు విప్పి ప్యాంటు విప్పి దాన్ని తీయలేక అవస్థపడేవాళ్ళు ప్రతి గుంపులోనూ ఒకరు ఉంటారు. థర్మల్ పడకబట్ట. పొడిగా దాచుకున్న ఆ జతే రాత్రి మీకు ధీమా. కాలాపత్థర్‌కి చీకటితో ఎక్కే రోజు ఒక్కటే మినహాయింపు.

బఫ్‌ని ముక్కూ నోరూ కప్పేలా కట్టుకోండి. పైన గాలి చల్లగా, పొడిగా ఉంటుంది, దారంతా దుమ్ము. గొంతు పట్టేసి వచ్చే ఆ పొడి దగ్గుకి ఖుంబు దగ్గు అనే పేరే ఉంది (ఖుంబు అంటే ఈ ఎవరెస్ట్ ప్రాంతమే).

9. ఉతకడం, ఆరబెట్టడం

నామ్చేలో, డింగ్‌బోచేలో ఒళ్ళు ఎత్తుకి అలవాటు పడటానికి ఒక్కో రోజు ఆగుతారు. ఉతుక్కోవడానికి అవే రోజులు. పొద్దున్నే ఉతికితే ఎండకి ఆరతాయి, సాయంత్రం ఉతికితే రాత్రికి అట్టలా గడ్డకడతాయి. మిగతా రోజుల్లో తడి చొక్కాని, సాక్సుల్ని సంచి వెనక పిన్నీసులతో గుచ్చి నడవండి. క్లిప్పులు గాలికి ఊడిపోతాయి, పిన్నీసు ఊడదు. ఇంకా చెమ్మగా ఉన్న సాక్సులు రాత్రి స్లీపింగ్ బ్యాగ్‌లో పొట్ట దగ్గర పెట్టుకుంటే పొద్దునకి ఆరతాయి. భోజనాల హాల్లో పొయ్యి చుట్టూ ఆరేయడం అందరూ చేసేదే, కానీ పాలిస్టర్‌ని పొయ్యి గొట్టానికి ఆనించకండి, కరిగిపోతుంది.

ఇంట్లో ఉతికేటప్పుడు బట్టలు మెత్తగా, సువాసనగా ఉండటానికి వేసే ద్రావణం వీటికి వేయకండి. అది పోగుల మీద పూతలా పట్టి, చొక్కా చెమట లాగడం తగ్గిపోతుంది. వాన జాకెట్‌కీ అంతే.

సరిగ్గా వేసుకున్నారా లేదా, ఎలా తెలుస్తుంది?

ఆగినప్పుడు చెయ్యి వెనక్కి పెట్టి నడుం పైన, సంచి ఆనే చోట తడమండి. కాస్త చెమ్మ ఉంటే ఫర్వాలేదు. పిండితే నీళ్ళు వచ్చేలా ఉంటే ఒక పొర ఎక్కువైంది, లేదా నడక ఎక్కువైంది. నడుస్తుండగా వేళ్ళు చల్లబడితే గ్లవ్స్ కన్నా ముందు టోపీ పెట్టుకుని, ఫ్లీస్ వేసుకోండి. ఒళ్ళు చల్లబడితే చేతులకి రక్తం తగ్గుతుంది.

తోటివాళ్ళలో ఎవరైనా ఆగకుండా వణుకుతుంటే, మాట ముద్దగా వస్తుంటే, కాళ్ళు తడబడుతుంటే అప్పటికప్పుడు గాలి తగలని చోటికి తీసుకెళ్ళి, తడి బట్టలు తీసి పొడివి వేసి, తీపి వేడి పానీయం ఇవ్వండి. ఒళ్ళు వెచ్చబడకుండానే వణుకు ఆగిపోతే తగ్గిందనుకోవద్దు, అది ఇంకా ప్రమాదం. తలనొప్పి, వాంతులు ఉంటే మాత్రం అది చలి కాకపోవచ్చు, ఎత్తు పడక వచ్చేది. దానికి ఏ జాకెట్టూ మందు కాదు. పైకి ఎక్కడం ఆపాలి, తగ్గకపోతే కిందికి దిగాలి.

ఇంకో చిన్న మాట. రద్దీ నెలల్లో లుక్లా విమానాలు చాలావరకు కాఠ్మాండూ నుంచి కాకుండా రామేఛాప్ దగ్గర మంథలి నుంచి నడుపుతారు. అర్ధరాత్రి జీపు ఎక్కి నాలుగైదు గంటలు పోవాలి. ఫ్లీస్, డౌన్ జాకెట్ పెద్ద సంచిలో పడేసి జీపు పైన కట్టించుకుంటే ఆ రాత్రే మొదటి వణుకు. చేతిసంచిలో ఉంచుకోండి.

తిరిగొచ్చాక, డౌన్ జాకెట్ సొంతదైతే చిన్న సంచిలో కుక్కి అలాగే వదిలేయకండి. నూగు నలిగి మళ్ళీ ఉబ్బదు. హ్యాంగర్‌కి వేలాడదీయండి. విశాఖ, కాకినాడ వైపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి వానాకాలంలో నెలకోసారి బయటికి తీసి పూటంతా ఫ్యాన్ కింద వేయండి.